ఇంటిముక్క వెంట మూడు దీవులు

ముందే చెబుతున్నాను, ఈ కథకి నేను ఉప్పూ కారం చల్లలేదు. మా బీరా రేవులో కథలు చెప్పేవాళ్ళకి కొదవ లేదు. ఒకాయన ఎప్పుడో పాతికేళ్ళ కిందట పట్టిన సొరచేప ఇప్పటికీ ఏటికి మూరెడు చొప్పున పెరుగుతూనే ఉంది. ఇంకొకాయన తుఫానులో పోయినసారి చెప్పినప్పుడు రెండు పిడుగులే పడ్డాయి, ఈసారి అయిదు పడ్డాయి. నేను అలాంటివాణ్ణి కాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, చిటికెడు ఉప్పు కూడా నా చేత్తో వెయ్యను. నమ్మకం లేకపోతే వంటవాడు తొంపోని అడగండి. నాకీ కథ చెప్పింది అతనే. అతనికి అబద్ధమాడేటంత తెలివి లేదని ఊరంతా ఒప్పుకుంటుంది.

ఓడ పేరు బుంగా ఎజా, అంటే ఎర్రపువ్వు. రెండు తెరకొయ్యలు, ఏడు తెరచాపలు. ఒకప్పుడు కొబ్బరీ సిమెంటూ మోసేది, ఇప్పుడు దీవులు చూడవచ్చిన అతిథులను మోస్తోంది. సిమెంటుకన్నా అతిథులు తేలిక, కాకపోతే ప్రశ్నలు అడుగుతారు. ఓడకి ఒక ఇంజను కూడా ఉంది. అది ఫోటోల్లో పడదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ ఓడకి సరంగు డాయెంగ్ రోవా. ఆ పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సింగారాను ఓడ ఎక్కించాలి. అతిథులతోపాటు ఆమెకీ రాజునీ దీవి చూపించాలి. నాలుగో రోజున తెచ్చి ఇంటి మెట్ల దగ్గర దించాలి. "ఒక్కసారి నిన్నూ తీసుకెళ్తాను" అన్న మాట పెళ్ళయిన కొత్తలో ఇచ్చాడు. ఆ తరువాత ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ మాటనే చాలాసార్లు కొత్తగా ఇచ్చాడు. సింగారా ఇంతవరకూ ఏ దీవినీ చూడలేదు. ఆమె చూసిందల్లా రేవులోంచి వెళ్ళే ఓడ వెనక భాగం, రేవులోకి వచ్చే ఓడ ముక్కు.

లంగరెత్తారు. బీరా కొండ సన్నటి గీతగా మారేదాకా అంతా బాగానే నడిచింది. సింగారా చుక్కాని పక్కన చాప వేసుకుని కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కనిపించిన ప్రతి ఎగిరే చేపనూ లెక్కపెడుతోంది.

"ఇంటికి తాళం వేశావా?" అని అడిగాడు రోవా.

"వేశాను."

"కిటికీలు?"

"వేశాను. పదహారు, పదిహేడు. అదిగో పద్ధెనిమిది."

"ఇంటిముక్కకి నూనె రాశావా?"

"రాశాను. వెంట తెచ్చాను కూడా."

చుక్కాని ఒక్కసారి అటు తిరిగి ఇటు తిరిగింది. ముందువైపు కూర్చున్న నలుగురు అతిథుల కాఫీ ఒళ్ళో ఒలికింది. గాలి మళ్ళిందేమోనని కళాసులు తెరచాప వైపు చూశారు.

ఇంటిముక్క సంగతి మా వాళ్ళకి చెప్పనక్కర్లేదు, మీకోసం చెబుతాను. మా దగ్గర ఓడకి అడుగుదూలం పరిచిన రోజున దాని రెండు కొసలూ కోస్తారు. ముందు కొస సముద్రంలో వేస్తారు. అది మగవాడి వాటా. వెనక కొస తెల్లగుడ్డలో చుట్టి ఇంట్లో పెడతారు. అది ఆడదాని వాటా. సముద్రంలో ఉన్నది ఓడను బయటికి లాగుతుంది, ఇంట్లో ఉన్నది తిరిగి ఇంటికి లాగుతుంది. అందుకే ప్రతి ప్రయాణానికీ ముందు రోవా నిచ్చెనెక్కి, అటక మీది తెల్లమూటకి సాంబ్రాణి పట్టి, గుడ్డ మీదే కొబ్బరినూనె రాసి, "జాగ్రత్త" అని దానికి చెప్పి మరీ వెళ్ళేవాడు. భార్యకి చెప్పడం ఒక్కోసారి మరిచిపోయేవాడు. ఈసారి మాత్రం అతిథుల హడావుడిలో ఆ పని ఆమెకే అప్పగించాడు.

"తెచ్చావా?" అన్నాడు గొంతు తగ్గించి. "అది ఇంట్లో ఉండాలే. ఇంట్లో ఉంటేనేగా ఓడ ఇంటికొచ్చేది."

"ఖాళీ ఇంట్లో దాన్ని ఒక్కదాన్నీ వదిలేసి రమ్మంటావా? పక్కింటి బుంగావలి సంగతి నీకు తెలీదు. పోయినేడు మన పాత నిచ్చెన పొయ్యిలో పెట్టేసింది."

"అయినా సరే..."

"ముప్ఫై ఏళ్ళు నేనూ ఇంట్లోనే ఉన్నాను. నాకు విసుగు పుట్టినట్టు దానికీ పుట్టదా ఏంటి?"

వెనక్కి తిప్పుదామంటే, బయల్దేరిన ఓడ మొదటి రోజునే ముఖం తిప్పుకోవడం అంతకన్నా చెడ్డది. పైగా ఓడ మీద అయిదుగురు కళాసులు, తొంపోతో ఆరుగురు, అందరూ బీరా వాళ్ళే. ఇంటిముక్క ఓడెక్కిందని తెలిస్తే ఒక్కడు కూడా ఉండడు, ఈదుకుంటూ వెళ్ళిపోతారు. తొంపోకి ఈత రాదు. అయినా దూకుతాడు.

"ఎక్కడ పెట్టావు?"

"బియ్యం బుట్టలో. ఇంట్లో కూడా అటక మీద బియ్యం పైనేగా అది ఉండేది. దానికి అలవాటు."

"ఎవ్వరికీ చెప్పకు."

"నేను ఎవరికి చెప్తాను? ఇరవై రెండు," అంది సింగారా నీళ్ళవైపు చూస్తూ.

మరునాడు మధ్యాహ్నం రాజునీ చేరారు. దీవి పెద్ద ఇంట్లో అతిథులకి భోజనం. పగడపు రాళ్ళ మధ్య లంగరు సరిగ్గా నిలవడం లేదని సరంగు ఓడ మీదే ఉండిపోయాడు. సింగారా తన మంచి చీరగుడ్డ చుట్టుకుని అతిథులతో ముందు పడవలో వెళ్ళింది. తొంపో వెనక పడవలో బయల్దేరబోతూ ఆగాడు. ఒకరింటికి భోజనానికి వెళుతూ చేతులూపుకుంటూ వెళ్ళడం మా వాళ్ళలో లేదు. చక్కెర పొట్లం కట్టాడు. టీ పొట్లం కట్టాడు. ఇంకేమైనా ఉందా అని బియ్యం బుట్ట మూత తీస్తే, తెల్లటి గుడ్డలో ముచ్చటగా చుట్టిన మూట, సాంబ్రాణి వాసన, కొబ్బరినూనె మెరుపు.

'వదిన ఎంత ముందుచూపు గల మనిషి' అనుకున్నాడు తొంపో. 'కానుక సిద్ధం చేసి, తీసుకెళ్ళడం మరిచిపోయింది.'

ఆ మూటను ఆ ఇంటి పెరటి గుమ్మంలో, ఇంటావిడ హాజ్జా నూరుంగ్ చేతుల్లో పెట్టాడు. ఇచ్చినవాళ్ళ ఎదుట కానుక విప్పడం మర్యాద కాదు కాబట్టి ఆవిడ విప్పలేదు, గుండెకి హత్తుకుని లోపలికి వెళ్ళింది.

సాయంత్రం సరంగు వంటగదిలోకి వచ్చి, ఎవరూ చూడకుండా బియ్యం బుట్టలో చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా పెట్టాడు. తరువాత భుజందాకా పెట్టాడు.

"ఏం కావాలి సరంగుగారూ?" అన్నాడు తొంపో వెనకనుంచి.

"ఏం లేదు. బియ్యం ఎన్నున్నాయో చూస్తున్నా. ఇందులో ఏదో గుడ్డమూట లాంటిది ఉండాలి..."

"అదా, ఇచ్చేశాను. వదిన ఎంత బాగా చుట్టిందో. హాజ్జాగారు మురిసిపోయారు."

రోవా బియ్యం బుట్ట మీదే కూలబడ్డాడు. తిడదామంటే ఎందుకు తిడుతున్నాడో చెప్పాలి.

"మంచి పని చేశావురా," అన్నాడు. నలభై ఏళ్ళ సముద్రంలో అతను ఎత్తిన బరువుల్లో ఆ మాటే అన్నిటికన్నా బరువైనది.

ఇక అతని పరిస్థితి ఇది. ముక్క దొరికేదాకా ఓడ ముక్కు ఇంటివైపు తిప్పడానికి లేదు. సింగారాకి తెలియడానికీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఆమె ఎలక కొరక్కుండా, చెద పట్టకుండా కాపాడిన వస్తువును, అతని ఓడ ఒక్క రోజులో పోగొట్టింది. ఆ ముఖంతో ఆమె ఎదుట నిలబడడంకన్నా తుఫానుకి ఎదురెళ్ళడం సుఖం అనిపించింది.

తెల్లవారగానే చిన్నపడవ దింపాడు. పెద్దింటికి నిక్కరుతో వెళ్ళకూడదు కాబట్టి పట్టులుంగీ కట్టాడు. తల దువ్వాడు. తెల్లమూటకి బదులు ఇవ్వడానికి కొత్త గుడ్డ ఒకటి చంకలో పెట్టుకున్నాడు. డెక్కు మీద పడుకున్న కళాసులు ఒక కన్ను తెరిచి చూశారు.

"ఎవరింటికి?" అన్నాడొకడు.

"తల దువ్వాడురా," అన్నాడు ఇంకొకడు. ఆ రెండో మాటతో మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే అందరూ లేచి కూర్చున్నారు.

ఒడ్డున హాజ్జా నూరుంగ్ అతన్ని మాట్లాడనివ్వలేదు. ముందు తినాలి. ఎదుట పెట్టింది తినకుండా లేచిపోయినవాడికి దారిలో కీడు జరుగుతుందని మా నమ్మకం, అప్పటికే జరిగిన కీడు చాలని అతని నమ్మకం. అరిటాకుల్లో కొబ్బరిపాలతో ఉడికించిన అన్నం ముద్దలు ఆరు, కాల్చిన చేప రెండు తిన్నాక నోరు విప్పనిచ్చింది.

"నిన్న మా వాడు ఒక మూట..."

"మీ ఆవిడది ఎంత మంచి మనసు అన్నా," అందావిడ. "జినాతోలో మా తమ్ముడి పెళ్ళానికి నెలలు నిండి పది రోజులైంది, నొప్పులు రావట్లేదని నిన్న భోజనాల దగ్గర చెప్పి బాధపడ్డాను. సాయంత్రం మూట విప్పి చూద్దును కదా, నూనె పట్టించిన కట్టె. సాంబ్రాణి వాసన. నాకు అర్థమైపోయింది. మంచం కింద పెట్టే మందుకట్టె. అప్పటికప్పుడు పడవలో మా తమ్ముడింటికి పంపించేశాను."

మందు కాదని చెబితే కానుక వెనక్కి అడిగినట్టవుతుంది. ఏ కట్టె అని అడిగితే మొదటినుంచీ చెప్పాలి. రోవా ఇంకో అన్నం ముద్ద తిని లేచాడు.

"ఈ రోజు జినాతో వెళుతున్నాం," అని ప్రకటించాడు ఓడెక్కుతూనే.

అతిథుల్లో గ్రీట్ అని బెల్జియం టీచరమ్మ ఉంది. మెడలో దుర్భిణి, చేతిలో పుస్తకం. ఆమె ప్రయాణపు కాగితం తీసి చూసింది. "ఇందులో జినాతో లేదే," అంది.

"కాగితంలో లేనివే చూడవలసినవి," అన్నాడు రోవా. నోటికొచ్చిన మాట. ఆమె దాన్ని పుస్తకంలో రాసుకుంది, కింద గీత కూడా గీసింది.

"నాకూ జినాతో చూడాలనే ఉంది," అంది సింగారా. మొగుడి ముఖం చూసి, మళ్ళీ నీళ్ళ వైపు చూసింది. చేపలు అప్పటికి నాలుగు వందలు దాటాయి.

జినాతోలో పడవ ఇసుకకి ఆనకముందే సరంగు మోకాలు లోతు నీళ్ళలోకి దూకి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషిని అడిగాడు. "ప్రసవమైందా?" మంచం కిందినుంచి కట్టె ఎప్పుడు తీస్తారో తెలుసుకోవాలని అతని ఆదుర్దా. పడవలో తెడ్డు పట్టుకున్న తొంపోకి ఆ ఆదుర్దా మాత్రమే వినిపించింది.

"ఇప్పుడే, ఆడపిల్ల," అన్నాడు వల మనిషి.

"దేవుడి దయ," అన్నాడు సరంగు, నిజంగానే ఊపిరి పీల్చుకుని. తొంపో చేతిలోంచి తెడ్డు జారింది.

ఆ ఇంటి మెట్ల దగ్గర ఆనందం అంతా ఇంతా కాదు. రాజునీనుంచి వచ్చిన కట్టె మంచం కింద పెట్టిన గంటకే నొప్పులు మొదలయ్యాయట. ఆ కట్టె పంపిన ఓడ సరంగే స్వయంగా వచ్చాడంటే ఇక చెప్పేదేముంది, అమ్మమ్మ పసిదాన్ని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. పసిది పట్టులుంగీ తడిపింది. అందరూ శుభమన్నారు.

"మీ ఓడ పేరేంటి నాయనా?"

"బుంగా ఎజా."

"అయితే దీని పేరు బుంగా," అంది అమ్మమ్మ.

ఇదంతా కంచె అవతల నిలబడి తొంపో చూశాడు. ఓడెక్కగానే కళాసులను వంటగదిలోకి పిలిచి చెప్పాడు.

"ఎత్తుకున్నాడురా. లుంగీ తడిపినా దించలేదు."

"పరాయి పిల్లయితే దించేవాడే."

"ఓడ పేరే పెట్టారు."

"ముక్కు ఎలా ఉంది?"

"పుట్టి గంటయింది. ముక్కు ఇంకా రాలేదు."

"వస్తుంది. ఆ ముక్కే వస్తుంది," అన్నాడు అందరికన్నా పెద్ద కళాసు, చాలా బాధగా.

అక్కడ సరంగుకి కట్టె దొరకలేదు. దాన్ని మంత్రసాని అవ్వ కెబో పట్టుకుపోయింది. ఇంత మంచి చెయ్యి గల కట్టె ఒక్క ఇంట్లో ఉండిపోకూడదట. అవ్వది జంపెయా దీవి. అక్కడ ఇంకో ఇద్దరికి నెలలు నిండాయట.

"రేపు జంపెయా," అని ప్రకటించాడు రోవా. గ్రీట్ చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రంనుంచి ఓడలో సింగారాకి జరిగిన మర్యాద ఏ అతిథికీ జరగలేదు. అరటికాయ బజ్జీలు వచ్చాయి. అవి తినేలోపు బెల్లం పాకంలో నల్లబియ్యం వచ్చింది. ఒకడు దిండు తెచ్చాడు. ఇంకొకడు ఎండ పడుతోందని గొడుగు పట్టాడు, ఎండ అప్పటికే పోయింది. తన జీవితంలో ఎవరికీ నవ్వు చూపించని పెద్ద కళాసు ఆమె ఎదుట కూర్చుని పాట పాడాడు. ఆ పాట విని చేపలు ఎగరడం మానేశాయని తొంపో చెప్పాడు. నేను ఆ మాట కలపలేదు.

"ఏం తొంపో," అంది సింగారా, "నేనేమైనా పోతున్నానా? అందరూ ఇలా చూస్తున్నారు."

తొంపో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆ సాకుతో ఏడ్చాడు. "వదినా, రేపు దీవిలో ఏం చూసినా మనసు గట్టి చేసుకో."

"ఏం చూస్తాను?"

"సరంగుగారికి ఇంకో ఇల్లు ఉంది వదినా."

"ఎక్కడ?"

"మూడు చోట్ల ఉందని అనుకుంటున్నాం."

సింగారా చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. మొగుడు ఓడ ముందువైపు ఒంటరిగా నిలబడి జంపెయా ఎటుందో చూస్తున్నాడు, లుంగీ తిరగేసి కట్టి ఉంది. ఆమె అతన్ని తలగుడ్డనుంచి లుంగీ దాకా చూసింది.

"ఈయనకి ఒక ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తుండదు," అంది. "మూడిళ్ళా? రేపు నేనూ దిగుతాను. మీరూ రండి."

జంపెయాలో అవ్వ కెబో ఇల్లు ఒడ్డునే. ఆమె మొగుడు పువాంగ్ సలాసా పేరున్న ఓడల మేస్త్రి. కొబ్బరాకుల పాక కింద సగం కట్టిన పడవ పక్కన కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. పాక మూలలో ఒక పీట మీద తెల్లమూట. దాన్ని చూసిన సంతోషంలో రోవాకి అబద్ధం గుర్తు రాలేదు. ముసలాయన పక్కన చతికిలబడి, బీరాలో లంగరెత్తిన దగ్గరనుంచి జినాతోలో లుంగీ తడిసిన దాకా అంతా చెప్పేశాడు. మూడు రోజుల బరువు దిగిపోయింది.

"నా ఓడ ఇంటిముక్క, పువాంగ్. ఇప్పించండి. మా ఆవిడకి తెలిసేలోపు బుట్టలో పెట్టేస్తాను."

పువాంగ్ సలాసా మూట అందుకుని చేతుల్లో తూచాడు. ముఖం చిట్లించాడు. మెల్లగా గుడ్డ విప్పాడు. కట్టెను వాసన చూశాడు. గోటితో గీరాడు.

"ఇది అడుగుదూలం కాదు," అన్నాడు.

"ఏంటి?"

"పనస. ఓడకి పనస అడుగుదూలం వేసినవాడు ఇంకా పుట్టలేదు. ఇదిగో, ఈ కొస చూడు, గుండ్రంగా అరిగింది. బియ్యం దంచిన అరుగుదల. ఇది విరిగిన రోకలి."

రోవా లేచి నిలబడ్డాడు. "మార్చేశారా? దీవులు తిరిగి తిరిగి నా ముక్క మార్చేశారా? ముప్ఫై ఏళ్ళు ఆ గుడ్డ మీద నేను నూనె రాశాను పువాంగ్. నా ఓడ తిరిగొచ్చిందే దానివల్ల. ఎవరు మార్చారు, మీ ఆవిడా, జినాతో వాళ్ళా?"

"నోరు జాగ్రత్త. ఉలి చేతిలో ఉంది నాకు."

"మీ ఉలి నన్నేం చేస్తుంది, నా ఓడకి ఇంటికి దారి లేకుండా పోయింది."

"అరవకు," అంది వెనకనుంచి ఒక గొంతు. "ముసలాయన చెప్పింది నిజమే."

పాక గుమ్మంలో సింగారా. ఆమె వెనక తొంపో. అతని వెనక అయిదుగురు కళాసులు, రెండో పెళ్ళాన్ని చూడ్డానికి స్నానం చేసి వచ్చారు. అందరికన్నా వెనక నలుగురు అతిథులు, ఇదేదో స్థానిక వేడుక అనుకుని చెప్పులు విడిచి మరీ వచ్చారు.

"మన రహ్మతియాకి చిన్నప్పుడు జ్వరం వచ్చిన ఏడు గుర్తుందా?" అంది సింగారా. "నీకెలా గుర్తుంటుంది, నువ్వు లేవు. పదకొండు రోజులు వాన ఆగలేదు. పిల్లకి జావ కాద్దామంటే ఇంట్లో పొడి పుల్ల లేదు. పొయ్యికి పైన, అటక మీద ఎప్పుడూ పొగ తగులుతూ పొడిగా ఉన్నది ఆ ఒక్క ముక్కే. చాలాసేపు చూశాను. తరువాత పొయ్యిలో పెట్టాను."

పువాంగ్ సలాసా ఉలి కింద పెట్టాడు.

"బాగా మండింది," అందామె. "మంచి కట్టె. మర్నాడు పొద్దున నువ్వు వచ్చేశావు. అనుకున్నదానికి నాలుగు రోజులు ముందు. నువ్వు మెట్లెక్కేలోపే విరిగిన రోకలి కొస తీసి అదే గుడ్డలో చుట్టి పైన పెట్టాను. నిజం రేపు చెబుదాం అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళయింది."

"అంటే ఇరవై ఆరేళ్ళు," అన్నాడు రోవా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "నేను రోకలికి సాంబ్రాణి పట్టానా?"

"చాలా భక్తిగా పట్టావు."

"మరి ఇన్నేళ్ళూ ఓడ దేన్ని చూసి ఇంటికొచ్చింది?"

"నాకేం తెలుసు," అంది సింగారా. "నేను ఇంట్లోనే ఉన్నాను."

సరిగ్గా అప్పుడే సముద్రం మీదనుంచి ఒక తుంపర ఎగిరొచ్చి సరంగు కళ్ళలో పడింది. ఉప్పునీళ్ళు కదా, బాగా మండాయి. అతను తలగుడ్డతో రెండు కళ్ళూ చాలాసేపు తుడుచుకున్నాడు.

"మూట పోయిన సంగతి నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు ఆ తరువాత, గుడ్డలోంచే.

"రాజునీలో హాజ్జా నూరుంగ్ నా చేతులు పట్టుకుని, మూట ఇచ్చినందుకు మెచ్చుకున్నప్పుడే."

"చెప్పలేదే."

"చెబితే రోకలి సంగతీ చెప్పాల్సొచ్చేది. రోకలికోసం ఎవరు తిరుగుతారు, నన్ను తీసుకుని ఇంటికెళ్ళిపోయేవాడివి. నువ్వు చూపిస్తానన్నది ఒక్క దీవి. ఇది మూడోది." ఆమె పాక బయటి కొబ్బరిచెట్ల వైపు చూసింది. "ఇదే అన్నిటికన్నా బాగుంది."

తొంపో ముందుకొచ్చాడు. "అయితే సరంగుగారికి ఇంకో ఇల్లు లేదా?"

"లేదురా."

"ఒక్కటి కూడా?" అన్నాడు పెద్ద కళాసు. స్నానం దండగైనట్టు ఉంది అతని ముఖం.

అంతటితో అయిపోవలసింది. కానీ తొంపోకి, నేను ముందే చెప్పాను, తెలివి తక్కువ. తెలివి తక్కువవాళ్ళు ఒక్కోసారి చివరిదాకా ఆలోచిస్తారు. అతను వేళ్ళు మడుస్తూ, "ఒక్క నిమిషం," అన్నాడు. "ముక్క బూడిదైపోయింది. ఓడ మాత్రం ఇంటికొస్తూనే ఉంది. అంటే లాగింది ముక్క కాదు, వదిన. ఇప్పుడు వదిన ఓడ మీద ఉంది. మరి ఇంట్లో ఎవరున్నారు? ఈ ఓడ ఇంటికి ఎందుకెళుతుంది?"

కళాసుల ముఖాలు ఒక్కొక్కటిగా పాలిపోయాయి. అందరూ మేస్త్రి వైపు చూశారు. పువాంగ్ సలాసా గడ్డం గోక్కున్నాడు.

"వాడన్నది కొట్టిపారేసేది కాదు," అన్నాడు.

"వదినని మోటారుపడవలో ముందు పంపించేద్దాం," అన్నాడు పెద్ద కళాసు. "ఇంట్లో కూర్చుంటుంది. వెనకాలే మనం వెళతాం. పద్ధతి అది."

"సరే, పంపండి," అంది సింగారా. మాట తేలిగ్గానే అంది, కానీ కొబ్బరిచెట్ల వైపు చూడడం మానేసింది.

రోవా తలగుడ్డ విదిలించి మళ్ళీ కట్టుకున్నాడు. "పంపను," అన్నాడు.

"మరి ఇంటికెలా వెళతాం?"

"ఇంటికి తొందరేముంది? ఇంట్లో ఎవరున్నారని?" అన్నాడు సరంగు. "సింగారా, ఇక్కడినుంచి తూర్పున బొనెరాతె ఉంది. దాని తరువాత కలవో. నీకు ఏది ముందు చూడాలనుంది?"

"నన్నడిగితే నాకేం తెలుసు? పేర్లు కూడా ఇప్పుడే వింటున్నా." తూర్పుకి చూసి, "దగ్గరున్నది," అంది. "ఏదీ వదిలిపోకుండా."

గ్రీట్‌కి పెద్ద కళాసు సైగలతో సంగతి చెప్పాడు. అతిథులకి ఇంకా వారం సెలవుంది. ఆమె ప్రయాణపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పారేసింది. ఆ మధ్యాహ్నం ఫోటోలకోసం కాకుండా ఏడు తెరచాపలూ ఎత్తారు. చాలాకాలం తరువాత కదా, ఏ తాడు ఎక్కడిదో గుర్తు తెచ్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

నాలుగు రోజుల ప్రయాణం తొమ్మిదో రోజున ముగిసింది. ఓడను ఇంటికి లాగింది ఏమిటని మీరు అడుగుతారు. బియ్యం అయిపోయాయి. తాళం తీసి చూస్తే ఇల్లు ఇల్లులాగే ఉంది, కంచెలో రెండు కర్రలు మాత్రం బుంగావలి పొయ్యిలోకి వెళ్ళాయి. రోకలి కొస జంపెయాలోనే ఉండిపోయింది. అవ్వ కెబో దాన్ని ఇప్పటికీ పురుళ్ళకి పట్టుకెళుతుంది, ఇంతవరకూ ఒక్క పసిదీ మొండికెయ్యలేదట. ఓడకి ఇప్పుడు ఇంటిముక్క లేదు. చుక్కాని పక్కన ఒక చాప ఉంది, దాని మీద ఒకావిడ చేపలు లెక్కపెడుతూ ఉంటుంది. కళాసులు ఆ చాప తొక్కరు.

ఇక ఆ చిటికెడు ఉప్పు సంగతి. వెయ్యలేదన్నాను, కానీ ఒక్క చోట వేశాను, ఇంత వయసొచ్చి దాచుకోవడం దేనికి. చేపల లెక్క నిజం, పెద్ద కళాసు పాట నిజం, లుంగీ తడిసిందీ నిజం. నేను కల్పించింది సరంగు కళ్ళలో పడిన ఆ తుంపర.

జంపెయాలో ఆ రోజు అలే లేదు.